పోగులవ్వ కట్టిన తప్పుముడి

గుట్ట కింద ఒకప్పుడు కాకరతోట ఉండేది. బోరు ఎండిపోయింది. రైతు వేరే ఊళ్ళో పొలం కౌలుకు తీసుకుని వెళ్ళిపోయాడు. పాదులు ఎండి రాలిపోయాయి గానీ పందిరి రాతికూసాలు అలాగే నిలబడ్డాయి. వాటి మీదుగా తోట ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక ఇనపతీగ మిగిలింది. మనుషులు వద్దని వదిలేసిన వస్తువు జంతువులకి ఎందుకూ పనికిరాదని మనం అనుకుంటాం. అది మన పొరపాటు.

ఆ తీగ సంగతి ముందు కనిపెట్టింది చారలమ్మి అనే ఉడుత. కూసం మీద కూర్చుని చింతపిక్క కొరుకుతుంటే అది జారి తీగ మీద టక్కున పడింది. తోట అవతలి కొసన తీగకి వీపు గోక్కుంటున్న కుందేలు అదిరిపడి మూడు గంతులు వేసింది. అంతే, ఆ పూటకల్లా తోట మొత్తానికి తెలిసిపోయింది. ఇక్కడ తడితే అక్కడ వినబడుతుంది.

జంతువులు కూడబలుక్కుని ఒక పద్ధతి పెట్టుకున్నాయి. ఒక్కొక్కరి పేరుకి ఒక్కో దరువు. ఏదుపందికి మూడు బరువైన దెబ్బలు. కౌజుపిట్టకి రెండు పొట్టివి, ఒకటి పొడుగు. ఎవరు ఏ మాట పంపినా ముందు ఎవరికో వాళ్ళ పేరు తట్టాలి, తరవాత పంపేవాళ్ళ పేరు తట్టాలి, ఆ తరవాతే విషయం. తీగ ఒకటే కాబట్టి అందరికీ వినబడుతుంది. తన పేరైతే వినాలి, కాకపోతే చెవి పక్కకి తిప్పుకోవాలి. డేగ వచ్చిందనుకోండి, పేరు బదులు "అందరికీ" అని తడితే అందరూ వింటారు.

పద్ధతి బాగానే ఉంది. చిక్కల్లా చారలమ్మితోనే వచ్చింది.

"ఏదుమామా, ఈ పూట ఎండ చూశావా, నా తోక మాడిపోయింది, నిన్న కూడా ఇంతే, మొన్న..." అని అది తడుతూనే ఉండేది. మధ్యలో కుందేలు ఇంకో మాట మొదలుపెట్టేది. రెండు దరువులూ తీగలో గుద్దుకునేవి. అటు మాటా లేదు, ఇటు మాటా లేదు, ఒట్టి గలగల.

ఏదుపంది తోటలో అందరికన్నా పెద్దవాడు. పడమటి కొసన, కూలిపోయిన మోటారు కొట్టం కింద బొరియ. అందరూ ఏదుమామ అంటారు. ఆయన కదిలితే ముళ్ళు ఒకదానికొకటి తగిలి సరసరమంటాయి. అదే ఆయన దగ్గు.

"ముందు విను, తరవాత తట్టు," అన్నాడాయన. "తీగ మీద ఎవరి మాటైనా నడుస్తుంటే నోరు మూసుకో. నిశ్శబ్దంగా ఉంటేనే మొదలుపెట్టు."

"ఇద్దరం ఒకేసారి విని, నిశ్శబ్దంగా ఉందనుకుని, ఒకేసారి మొదలుపెడితే?" అంది చారలమ్మి.

"కలబడ్డట్టు తెలియగానే ఇద్దరూ ఆపాలి."

"ఆపి?"

"కాసేపు ఆగి మళ్ళీ తట్టాలి."

"ఇద్దరం సమానంగా ఆగితే మళ్ళీ గుద్దుకుంటాం కదా మామా."

ఉడుత వాగుడుకాయే గానీ మాటలో పస ఉంది. ఇరుకు సందులో ఎదురుపడ్డ ఇద్దరు చూడండి, ఒకేసారి ఎడమకి జరుగుతారు, ఒకేసారి కుడికి జరుగుతారు, నవ్వుకుంటూ అక్కడే ఉండిపోతారు. ఏదుమామ ముళ్ళు సర్దుకుని ఆలోచించాడు. ప్రతి కూసం మొదట్లో చింతపిక్కల కుప్ప పోయించాడు.

"కలబడ్డవాళ్ళు కళ్ళు మూసుకుని పిక్కలు తీయండి. చేతికి ఎన్ని వస్తే అన్ని ఊపిర్లు ఆగండి. తక్కువ వచ్చినవాడు ముందు తడతాడు. మళ్ళీ కలబడ్డారా, ఈసారి రెట్టింపు కుప్పలోంచి తీయండి. ఇంకా కలబడితే దానికి రెట్టింపు. ఎన్ని ఎక్కువ పిక్కలుంటే ఇద్దరికీ ఒకే లెక్క వచ్చే యోగం అంత తక్కువ."

"కళ్ళెందుకు మూసుకోవాలి?" అంది కుందేలు. దాని చెవుల పొడుగు చూసి అందరూ చెవులన్న అంటారు.

"తెరిస్తే నువ్వు తక్కువే తీస్తావు కాబట్టి."

అలా తీగ దారిలో పడింది. అయితే ఇంకో చిక్కుంది. అది కలబడే చిక్కు కాదు, వినే చిక్కు. చెవి పక్కకి తిప్పుకోమని చెప్పగలం గానీ తిప్పించగలమా? దక్షిణపు కాలవగట్టు మీద ఒక నక్క ఉండేది. రోజూ తీరిగ్గా కూసానికి చెవి ఆనించి పడుకునేది. దాని పేరున ఒక్క మాట రాదు, అయినా అందరి మాటలూ దానివే.

ఆ ఏడు తూర్పు కొసన ఉండే కౌజుపిట్ట, అంటే మన కౌజక్క, రేగుపొద కింద అయిదు గుడ్లు పెట్టింది. సంతోషం పట్టలేక ఏదుమామకి తట్టింది. మర్నాడు పొద కింద పెంకులే మిగిలాయి.

నక్కబావ అందరికన్నా ముందు పరామర్శకి వచ్చాడు. మూతికి పచ్చసొన ఎండి ఉంది. "పాపం, ఎవరి పాపిష్టి కళ్ళు పడ్డాయో తల్లీ," అన్నాడు.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. ఆ సొన ఏ గూటిదో చెప్పే సాక్ష్యం ఎవరి దగ్గరా లేదు.

ఆ తరవాతే ఏదుమామ పోగులవ్వ దగ్గరికి వెళ్ళాడు.

పోగులవ్వ తోట నడిమధ్య కూసం మీద కాపురముండే సాలీడు. వయసు మళ్ళింది, చూపు ఆనదు. కానీ ఎనిమిది కాళ్ళకీ ఎనిమిది చెవులున్నట్టే. గూటి అంచుకి దోమ తగిలినా అది ఏ పోగు మీద తగిలిందో చెప్పగలదు.

"ఆ పెద్ద తీగని తెంపేద్దాం," అన్నాడు ఏదుమామ. "నీ కూసం నుంచి నాలుగు దిక్కులకీ నాలుగు తీగలు లాగుదాం. ఎవరి మాటైనా ముందు నీ దగ్గరికి రావాలి. నువ్వు పూర్తిగా విని, ఎవరికైతే వాళ్ళ తీగ మీదే తట్టు. మిగతా తీగలు మూగగా ఉండాలి."

"నాకు మొహాలు కనబడవు నాయనా. ఎవరు ఏ తీగ మీద ఉన్నారో ఎలా తెలుస్తుంది?"

"వాళ్ళే చెబుతారుగా. మాటలో పంపినవాళ్ళ పేరు ఉంటుంది. ఏ తీగ మీద వచ్చిందో నీ కాలికి తెలుస్తుంది. రెంటినీ కలిపి గుర్తు పెట్టుకో."

పోగులవ్వకి ఆ పని నచ్చింది. అందరూ కలిసి పెద్ద తీగని తుప్పు పట్టినచోటల్లా విరిచి, ఆ ముక్కల్ని నాలుగు దిక్కులకీ లాగారు. అందరి దగ్గరా ఒక్కో గుర్తు తీసుకుంది. ఏదుమామ ముల్లు, చెవులన్న వెంట్రుక, చారలమ్మి తోకపోచ, కౌజక్క ఈక. నాలుగు తీగలకీ నాలుగు నత్తగుల్లలు పోగుతో వేలాడదీసింది. పోగు లాగితే గుల్ల తీగకి తగిలి టక్కుమంటుంది. పడమటి తీగ మీద ఏదుమామ పేరుతో మాట వచ్చిందా, ముల్లు తెచ్చి పడమటి తీగకి ముడి వేసేది. ఆ తరవాత ఏదుమామకి ఏ మాట వచ్చినా పడమటి గుల్లే మోగేది. ఒకే తీగకి రెండు మాటలు ఒక్కసారి వస్తే ఒకటి పంపి, రెండోది గుర్తుంచుకుని తరవాత పంపేది.

"ఎవరి ముడీ దొరక్కపోతే?" అంది చారలమ్మి.

"మాట వచ్చిన తీగ వదిలేసి, మిగతా మూడింటి మీదా తడతాను. ఉన్నవాళ్ళు పలుకుతారు. పలికినప్పుడు ముడి వేసుకుంటాను."

"ఎవరైనా చాలాకాలం మాట్లాడకపోతే?"

"రెండు రోజులు ఆ పేరు వినబడకపోతే ముడి విప్పేస్తాను. ఊరు వదిలిపోయిన వాళ్ళ ఈకలకి కాపలా కాయలేను కదమ్మా."

నక్కబావ కూడా వచ్చి ఒక వెంట్రుక ఇచ్చి వెళ్ళాడు. "నేనూ ఈ తోటవాణ్ణేగా అవ్వా. కాలవగట్టుకి తీగ లేదంటే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. మాట న్యాయంగానే ఉంది. దక్షిణపు తీగ అతనిదయింది. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అన్నట్టు రోజూ ఆ తీగని తోకతో తుడిచేవాడు. ఒక్క మాటా వచ్చేది కాదు. చెవి ఆనించి, ఆనించి, చెవి కాయకట్టింది గానీ మాట చేరలేదు.

పోగులవ్వ పొంగిపోయింది. తన పనిలో తప్పు పట్టేవాడు పుట్టలేదనుకుంది. ఆ పొంగులోనే ఉంది చిక్కంతా.

వాన పడ్డాక కౌజక్క మళ్ళీ గుడ్లు పెట్టింది. ఏడు. ఈసారి ఎవరికీ తట్టలేదు. చెవులన్నని ఒక్కణ్ణే దగ్గరికి పిలిచి, చెవిలో చెప్పింది, ఎందుకంటే అతని దిబ్బ మీద నుంచి తోట నాలుగు వైపులా కనబడుతుంది. "ఏదైనా ప్రమాదం కనబడితే నాకు తట్టన్నా. నేను మాత్రం తట్టను. పొదగడం మీద ఉన్నాను, కదిలితే గుడ్లు చల్లారిపోతాయి."

అలా రెండు వారాలు కూర్చుంది. రెండు రోజులు దాటగానే, అలవాటు ప్రకారం పోగులవ్వ కౌజక్క ఈకను తూర్పు తీగ నుంచి విప్పేసింది.

పదిహేనో రోజు పొద్దున్న గుట్ట వైపు కొడవళ్ళు మెరిశాయి. చెవులన్న ఉత్తరపు తీగ మీద తట్టాడు: "కౌజక్కకి, చెవులన్న. గడ్డి కోసేవాళ్ళు వచ్చారు. నీ వైపు రారు, కదలకు."

కౌజక్క ముడి లేదు. పోగులవ్వ తను చెప్పినట్టే చేసింది. తూర్పు, పడమర, దక్షిణం మూడు గుల్లలూ మోగించింది.

కాలవగట్టు మీద నక్కబావ లేచి కూర్చున్నాడు. ఇన్నాళ్ళకి తన తీగ పలికింది, అదీ ఎవరి పేరుతో! తోక మెల్లగా అటూ ఇటూ ఊపుతూ ఆలోచించాడు. 'ముసల్దానికి పిట్ట ఎక్కడుందో తెలియడం లేదన్నమాట. అందుకే నాకూ పంపింది. దానికి మొహాలు తెలియవు. పేరు, తీగ, ఈ రెండే తెలుసు. పేరు ఎవరు తట్టినా పేరే కదా.'

గోటితో తీగ మీద మీటాడు. చెవులన్న పేరు. తరవాత రెండు పొట్టివి, ఒకటి పొడుగు. కౌజక్క పేరు. "అలాగేనన్నా, కదలను."

పోగులవ్వ వెనక కాలికి దక్షిణపు తీగ అదిరింది. పేరు చూస్తే కౌజక్క. "ఓహో, పిల్ల కాలవగట్టుకి మకాం మార్చిందా," అనుకుంది. ఈక తెచ్చి దక్షిణపు తీగకి గట్టిగా రెండు ముళ్ళు వేసింది. గుడ్డిగా నమ్మడమంటే ఇదే. వచ్చినవాడు చెప్పిన పేరే వాడి పేరనుకుంది.

ఆ రోజు నుంచి కౌజక్కకి వచ్చిన మాటలన్నీ నక్కబావకే వెళ్ళాయి. తూర్పు గుల్ల పలకడం మానేసింది.

సాయంత్రం నక్క మళ్ళీ తట్టాడు, కౌజక్క పేరుతోనే. "అన్నా, పొదలోంచి ఏమీ కనబడదు. ఎంతవరకు కోశారు?"

"నల్లరాయి దాకా. అక్కడికీ నీ పొదకీ ఇంకా ఇరవై అడుగులుంది తల్లీ. అవతల మొండిజెముడు అడ్డం, ఇక రారు."

నల్లరాయి, ఇరవై అడుగులు, మొండిజెముడు పక్కన. నక్క నాలుక బయటికి వచ్చింది. వెంటనే వెళదామనుకుని ఒక కాలు ముందుకు వేశాడు. మళ్ళీ వెనక్కి తీశాడు. "గుడ్డు ఒక గుటక. పిల్ల అయితే రెండు గుటకలు, పైగా నమలొచ్చు," అనుకుని తీగ మీద ఇంకో మాట పంపాడు. "అన్నా, నాకు రోజుల లెక్క తప్పుతోంది. పిల్లలు ఎప్పుడు బయటికి వస్తాయంటావు?"

"ఎల్లుండికల్లా వచ్చేస్తాయి. నువ్వే చెప్పావుగా."

నక్కబావ వెనక్కి పడుకున్నాడు. రెండు రోజులంటే ఎంతలో పోతాయి. ఈక జారిపోకుండా పూటకోసారి ఏదో ఒక కబురు తడుతూ ఉంటే చాలు.

ఇక్కడ పొద కింద కౌజక్క గుడ్లని రెక్కల కిందికి ఇంకా దగ్గరగా లాక్కుంది. కొడవళ్ళ చప్పుడు తనకే వినబడుతోంది. చెవులన్న మొదటి కబురు అందింది, ఆ తరవాత ఒక్క ముక్క లేదు. మర్నాడు మధ్యాహ్నానికి ఉండబట్టలేక పొద మీదుగా పోయే తూర్పు తీగని ముక్కుతో తట్టింది.

"చెవులన్నకి, కౌజక్క. నిన్నటి నుంచి ఒక్క మాట లేదు. నామీద కోపమా?"

పోగులవ్వ ముందు కాలు అదిరింది. "మళ్ళీ తూర్పుకి వచ్చిందే," అని ఈక విప్పి తూర్పున కట్టింది. ముడి బిగించేలోపే దక్షిణపు తీగ అదిరింది, అదే పేరుతో. "అన్నా, ఇవాళ గడ్డి కోయడం అయిపోయిందా?" విప్పి దక్షిణాన కట్టింది. కౌజక్కకి ఆత్రం ఆగలేదు, మళ్ళీ తట్టింది. తూర్పున కట్టింది. మళ్ళీ దక్షిణం అదిరింది.

నాలుగోసారి ఈక చేతిలో పట్టుకుని పోగులవ్వ ఆగిపోయింది.

అటు తూర్పు కొస, ఇటు కాలవగట్టు. మధ్య నాలుగు పొలాలంత దూరం. ఒక్క ఊపిరిలో అక్కడా ఇక్కడా ఉండాలంటే పిట్ట కాదు, మెరుపు అయ్యుండాలి. దక్షిణపు తీగ మీద ఉండేది ఎవరు? ఒక్కడే. ఆ ఈకకి మొదటి ముడి వేసింది ఎవరు? తనే.

చేతిలో ఉన్న ఈకను మళ్ళీ దక్షిణాన్నే కట్టేసి, తీగ మీద ఏమీ తట్టలేదు. కూసం కింద పిక్కలు ఏరుకుంటున్న చారలమ్మిని పిలిచింది.

"అమ్మీ, పరిగెత్తి ఏదుమామనీ చెవులన్ననీ పిలుచుకురా. నోటితో చెప్పు, తీగ మీద వద్దు. అంతకన్నా ముందు కౌజక్క దగ్గరికి పోయి, నేను చెప్పేదాకా తీగని ముట్టుకోవద్దని చెప్పు."

"ఏమైందవ్వా?"

"చెబితే నువ్వు అందరికీ చెబుతావు. ముందు పరిగెత్తు."

ఏదుమామ సరసరమంటూ వచ్చాడు. చెవులన్న అంతకన్నా ముందే గంతులు వేస్తూ వచ్చేశాడు. పోగులవ్వ ఏదీ దాచలేదు. "తప్పు నాది. పేరు చెబితే నమ్మాను. ఎన్నో ముళ్ళు వేశాను గానీ ఒక్కసారి కూడా అడగలేదు," అంది.

చెవులన్న చెవులు రెండూ వాలిపోయాయి. "నువ్వు ముడి వేశావు, నేను చోటు చెప్పాను. నల్లరాయి, ఇరవై అడుగులు. నా నోటితోనే చెప్పాను మామా."

"ఈక తూర్పుకి మార్చేస్తాను," అంది పోగులవ్వ.

"ఈక మార్చగలవు," అన్నాడు ఏదుమామ. "వాడి చెవిలో పడ్డ మాటని ఎక్కడికి మారుస్తావు? రేపు గుడ్లు పగులుతాయి. గుడ్లని మోసుకుపోలేదు, వదిలిపోలేదు. పగిలి, పిల్లలు తడి ఆరి నడిచేదాకా కౌజక్క ఆ పొద కిందే ఉండాలి. అంతసేపు వాణ్ణి వేరేచోట ఉంచాలి."

"ఎలా?"

ఏదుమామ ముళ్ళు ఒకసారి విప్పి మూశాడు. "కౌజక్క పేరు పెట్టుకున్నాడుగా. కౌజక్కకి చెప్పాల్సిన మాట వాడికే చెబుదాం. ఈక ఎక్కడుంది?"

"దక్షిణానే ఉంది."

"అక్కడే ఉండనీ. రేపటిదాకా విప్పకు."

పోగులవ్వ దక్షిణపు ముడి మీద కాలు ఆనించింది. ఇన్నాళ్ళూ తెలియక వేసిన తప్పుముడి వేరు, తెలిసి ఉంచే తప్పుముడి వేరు. చివరికి, "సరే," అంది. "కానీ కౌజక్క ఒక్కసారి తట్టిందా, ఆ దరువు నా కాలికి తగిలిందా, చెయ్యి దానంతటదే ఈక తూర్పుకి మార్చేస్తుంది. నా అలవాటు నాకు తెలుసు. ఆమె తీగ ముట్టుకోకూడదు."

"పిట్ట కొంచెం, కూత ఘనం," అని గొణిగాడు చెవులన్న. "పిల్లలు పుడితే ఊరుకుంటుందా?"

"వెళ్ళి పక్కన కూర్చో. ముక్కు లేస్తే మూసేయ్."

మర్నాడు ఎండ ఎక్కేసరికి మొదటి గుడ్డు చిట్లింది. తడి తల ఒకటి బయటికి వచ్చి కీచుమంది. కౌజక్క ఒళ్ళంతా పులకరించింది. మొదటిసారి పెంకులే చూసిన తల్లి. ముక్కు దానంతటదే తీగ వైపు లేచింది. చెవులన్న తన పొడుగు చెవి అడ్డం పెట్టాడు. కౌజక్క ఆ చెవి మీదే రెండు పొట్టివి, ఒక పొడుగు తట్టుకుని ఊరుకుంది. చెవులన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నొప్పికే అన్నాడు తరవాత.

సరిగ్గా అప్పుడే పడమటి తీగ మీద మూడు బరువైన దెబ్బలు పడ్డాయి. "కౌజక్కకి, ఏదుమామ. పొద్దున్నే ఏడుగురు పిల్లల్నీ నా బొరియకి నడిపించుకొచ్చి మంచి పని చేశావు. చివర గదిలో గడ్డి మీద నిద్రపోతున్నారు. నాకు గుట్ట మీద పని ఉంది, సాయంత్రానికి గానీ రాను. నువ్వు నాలుగు గింజలు తిని నిదానంగా రా."

పోగులవ్వ మాట పూర్తిగా విన్నది. కాలు చాచి ఈక ఎక్కడుందో తడిమి చూసింది. దక్షిణపు పోగు లాగింది. ఆ గుల్ల మోగినంత గట్టిగా ఏ గుల్లా మోగలేదు.

కాలవగట్టు మీద నక్క నిటారుగా లేచాడు. నల్లరాయి వైపు ఒకసారి చూశాడు, కొట్టం వైపు ఒకసారి చూశాడు. ఖాళీ పొదకి పోవడం దండగ. అయినా జాగ్రత్తపరుడు కదా, కౌజక్క పేరే తట్టి అడిగాడు.

"మామా, పిల్లలు బెదురుతారు. ఏ వాకిలి గుండా రాను?"

"వెనక వాకిలి. కాస్త ఇరుకు తల్లీ. తల ముందు పెట్టి, కళ్ళు మూసుకుని, ఒక్క ఊపున దూరాలి."

"అలాగే మామా, నీ రుణం తీర్చుకోలేను."

"ఇవాళే తీర్చుకుందువుగాని," అన్నాడు ఏదుమామ. ఆ మాట మాత్రం తీగ మీద తట్టలేదు.

నక్క పొలాలకి అడ్డంపడి పరిగెత్తాడు. కొట్టం వెనక మట్టిలో గుండ్రని వాకిలి కనబడింది. లోపలి నుంచి చల్లగాలి. చెప్పినట్టే తల ముందు పెట్టాడు, కళ్ళు మూసుకున్నాడు, ఒక్క ఊపున దూరాడు.

ఏదుమామ గుట్ట మీదికి పోలేదు. వాకిలికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఏదుజాతికి ఒక రివాజు ఉంది, మొహం మీదికి వచ్చేవాడికి మొహం చూపించరు. ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

తోట ఆ కొసన కూడా ఆ కేక వినబడింది. తీగ అక్కర్లేకపోయింది.

ఆ సందట్లో తూర్పున ఏడో గుడ్డు చిట్లింది. నీడలో తడి ఆరింది. కౌజు పిల్లలు పుట్టిన పూటే నడుస్తాయి. ఏడుగురూ వరసగా తల్లి వెంట మొండిజెముడు దాటి, అవతల తూర్పు తీగ కొసనున్న కందిచేలోకి వెళ్ళిపోయారు. వెనకాల చెవులన్న, ఎర్రగా కందిన చెవితో.

సాయంత్రం నక్క నడిమి కూసం దగ్గరికి వచ్చాడు. రాక తప్పలేదు. ముళ్ళు పీకేవాళ్ళు కావాలి, చారలమ్మి పళ్ళు సన్నవి. మూతి నిండా నలుపూ తెలుపూ ముళ్ళు.

"ఏం బావా, మొహానికి ఏమైంది?" అంది చారలమ్మి.

"రేగుకంప తగిలింది."

"రేగుకంప ఇంత పొడుగా? చారలు కూడా ఉన్నాయే."

"ఇది కొత్తరకం. పీకుతావా, లేదా?"

చారలమ్మి ఒకటి పట్టుకుని లాగింది. మెల్లగానే లాగింది గానీ ప్రాణం పోయినట్టయింది. తేలు కుట్టిన దొంగ ఎంతసేపు నోరు మూసుకుంటాడు? మూడో ముల్లుకి నక్క ఓర్పు తెగిపోయింది.

"ఏదుమామది పచ్చి మోసం," అన్నాడు. "గుట్ట మీదికి పోతున్నానన్నాడు. బొరియలో పిల్లలు తప్ప ఎవరూ లేరన్నాడు. పెద్దమనిషి ఆడే మాటేనా అది? వెనక వాకిలి అని దారి కూడా తనే చెప్పాడు."

పైనుంచి పోగులవ్వ గొంతు వినబడింది. "ఎవరితో చెప్పాడు నాయనా?"

"నాతోనే..." అని నక్క ఆగిపోయాడు.

"ఆ మాట నేను పంపిందే. నాకు బాగా గుర్తుంది. పేరు కౌజక్కదని ఉంది. నీ పేరున పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాట కూడా రాలేదు. మరి నీ చెవిన ఎలా పడింది?"

చారలమ్మి ముల్లు పట్టుకున్న పళ్ళతోనే నవ్వింది. కొట్టం వైపు నుంచి సరసరమని చప్పుడు దగ్గరవుతోంది. నక్క మిగిలిన ముళ్ళు మిగిలినట్టే పెట్టుకుని గుట్ట దారి పట్టాడు. ఆ తరవాత కాలవగట్టు మీద ఎవరూ అతన్ని చూడలేదు.

పోగులవ్వ దక్షిణపు తీగ మీది ఈకను విప్పింది. తూర్పున కట్టబోయి ఆగింది. చారలమ్మిని కందిచేలోకి పంపి, కౌజక్క అక్కడే ఉందని కంటితో చూసి వచ్చాక అప్పుడు కట్టింది. అప్పటి నుంచీ తోటలో కొత్త రివాజు వచ్చింది. ఎవరి ముడి ఏ తీగ మీద మొదట పడాలో ఒకరు పోయి చూసి రావాలి. పడ్డాక అదే పేరు ఇంకో తీగ మీద వినబడితే పోగులవ్వ ముడి మార్చదు. గుల్ల మోగించదు. "నువ్వెవరు?" అని అడుగుతుంది.

ముడి బిగించి కాసేపటికి ముందు కాలు అదిరింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. "అందరికీ, కౌజక్క. ఏడుగురు."

మాట అంతే. దానికి జవాబు చెప్పాలని, ఇద్దరికీ ఉమ్మడిదైన ఉత్తరపు తీగ మీద చెవులన్న, చారలమ్మి ఒకేసారి తట్టి కలబడ్డారు. ఇద్దరూ ఆపి, కళ్ళు మూసుకుని చింతపిక్కలు తీశారు. చారలమ్మి చేతికి ఒక్కటే వచ్చింది. కళ్ళు తెరిచే తీసిందని చెవులన్న ఇప్పటికీ అంటాడు.

నీతి: పరాయివాడి పేరుతో పిలుపు అందుకున్నవాడు, ఆ పేరు మీద వచ్చే దెబ్బ కూడా అందుకోక తప్పదు.